అప్పునే సాయం అన్నారు

2020 మే 13న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చిన్న పరిశ్రమల కోసం 3 లక్షల కోట్ల రూపాయల పథకం ప్రకటించారు. అప్పటికి కరోనా లాక్‌డౌన్ మొదలై యాభై రోజులు. షెడ్లకు తాళాలు పడ్డాయి, అద్దెలూ వడ్డీలూ మాత్రం ఆగలేదు. ప్రకటించిన సొమ్ములో ఖజానా నుంచి నేరుగా యజమానుల చేతికి వచ్చేది ఏమీ లేదు. అదంతా బ్యాంకులు ఇచ్చే అప్పు. అది వసూలు కాకపోతే పూర్తిగా తాను భరిస్తానన్నదే కేంద్రం ఇచ్చిన హామీ. ఆ హామీ కోసం నాలుగేళ్లలో కేటాయించాలనుకున్నది 41,600 కోట్లు.

హామీ పనిచేసింది, అందులో సందేహం లేదు. తాకట్టు అడగకుండా, 9.25 శాతానికి మించని వడ్డీతో, ఏడాదిపాటు అసలు కట్టనక్కర్లేకుండా బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆ డబ్బే లేకపోతే తలుపులు మళ్లీ తెరుచుకోని యూనిట్లు ఎన్నో ఉండేవి.

కానీ ఎవరికెంత ఇచ్చారు? 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం. ఎంత నష్టపోయారని కాదు, పాత అప్పు ఎంతని చూశారు. బ్యాంకు గడప తొక్కకుండా సొంత డబ్బుతోనో, తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చో నడుపుకొన్న వర్క్‌షాపుకు దక్కింది సున్నా. వాయిదాలు అరవై రోజులకు మించి తప్పినవారినీ మొదట్లో పక్కన పెట్టారు. అందరికంటే ముందు మూతపడిన హోటళ్లు, ట్రావెల్స్‌కు ప్రత్యేకంగా 40 శాతం ఇవ్వడానికి 2021 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. అమ్మకాలే లేని మనిషికి కొత్త అప్పు కొంత ఊపిరి, ఆపైన మరో వాయిదా. ఆ తేడాను విధానకర్తలు పట్టించుకోలేదనే నా ఫిర్యాదు.

బ్రిటన్ పని ఆగిన ఉద్యోగుల జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల దాకా భరించింది. అమెరికా ఇచ్చిన రుణాన్ని ప్రధానంగా జీతాలకే ఖర్చుచేస్తే మాఫీ చేసింది. లెక్కల్లోకి ఎక్కని యూనిట్లే ఎక్కువున్న మన దేశంలో అది కుదరదంటారు. అయితే వంద మంది లోపు ఉద్యోగులుండి, వారిలో 90 శాతం మంది జీతం 15 వేల లోపున్న సంస్థలకు 2020లో కొన్ని నెలలు పీఎఫ్ వాటా 24 శాతమూ కేంద్రమే కట్టింది కదా! అంటే తిరిగి అడగని సాయం చేసే దారి మనకూ ఉంది. దాన్ని విస్తరించలేదు.

ఆంధ్రప్రదేశ్ కూడా 2020 మే నెలలోనే ‘రీస్టార్ట్’ పేరుతో 1,110 కోట్లు ప్రకటించింది. మూడు నెలల కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీల మాఫీ నిజంగా అక్కరకొచ్చేదే. అయితే అందులో సింహభాగం, సుమారు 905 కోట్లు, 2014 నుంచీ పేరుకుపోయిన ప్రోత్సాహకాల బకాయి. ఆ డబ్బు సమయానికి అంది ఉంటే చిన్న యజమానులు కరోనాను చేతిలో కాస్త నిల్వతో ఎదుర్కొనేవారు. కొనుగోలుదారులు పెట్టే బకాయిలదీ ఇదే కథ. సరుకు తీసుకున్నవారు 45 రోజుల్లోగా చెల్లించాలని, తప్పితే చక్రవడ్డీ కట్టాలని 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. రేపటి ఆర్డరు ఇవ్వాల్సిన సంస్థ మీద ఫిర్యాదు పెట్టే ధైర్యం ఏ చిన్న సప్లయర్‌కు ఉంటుంది? ఆ వసూలు బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలి, ముందు తన బకాయిలతో మొదలుపెట్టి.