అందరికంటే వెనుక నడిచే అమీర్

వేసవి సెలవులు ముగిసే వేళకు మాకు అందే ప్రశ్నలలో ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న చేరింది. తమ కుమారుడు మిత్రులతో కలిసి కాశ్మీరు కొండలలోని సరస్సులకు కాలినడకన వెళ్తానంటున్నాడనీ, రాత్రులు గుడారాలలో గడుపుతాడట, ఇది ధర్మసమ్మతమేనా అనీ తల్లిదండ్రులు అడుగుతున్నారు. ధర్మసమ్మతమే. భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని పరికించమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ప్రేరేపిస్తున్నది. కనుక వెళ్ళవచ్చా అనే ప్రశ్న కంటే, ఎలా సిద్ధపడి వెళ్ళాలి అనేదే మాకు ముఖ్యంగా తోస్తున్నది.

గంగాబల్ సరస్సునే ఉదాహరణగా తీసుకుందాం. శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, గాందర్‌బల్ జిల్లాలో నారానాగ్ అనే గ్రామం ఉంది. వాహనం అంతవరకే వెళ్తుంది. అక్కడి నుండి దేవదారు అడవి గుండా నిట్టనిలువు ఎక్కుడు, ఆపైన పచ్చికబయళ్ళు, ఆ తరువాత 5,142 మీటర్ల హరముఖ్ శిఖరం పాదాల చెంత నుంద్‌కోల్, గంగాబల్ అనే జంట సరస్సులు. గంగాబల్ ఎత్తు సుమారు 3,570 మీటర్లు. జూలై నుండి సెప్టెంబరు మధ్య వరకు దారి అనుకూలంగా ఉంటుంది. మార్గంలో వేసవి మేతకు మందలను తోలుకువచ్చిన గుజ్జర్, బకర్వాల్ సోదరుల గుడిసెలు కనిపిస్తాయి. వారికి సలాము చేసి, వారి ఉప్పు టీ త్రాగే భాగ్యం కలిగితే కాదనకండి. ఈ సరస్సు కాశ్మీరీ పండితులకు పవిత్రస్థలమన్న సంగతి కూడా మన పిల్లలు తెలుసుకొని, అక్కడ మర్యాదగా మెలగాలి.

పుస్తకంలో ఈ దారిని ‘మధ్యస్థం’ అని వ్రాస్తారు. ఆ మాట కొండల అలవాటున్నవారి కొలత. గుంటూరులోనో మచిలీపట్నంలోనో సముద్రమట్టానికి కాస్త ఎగువన పెరిగిన యువకుడు విమానంలో దిగి, మరునాడే మూడున్నర వేల మీటర్లు ఎక్కితే, కాళ్ళలో ఎంత సత్తువ ఉన్నా శరీరం ఆ పలుచని గాలికి అలవాటు పడదు. సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్రపట్టకపోవడం మొదలు కావచ్చు. వ్యాయామశాలలో కండలు పెంచినవానికీ ఇది వస్తుంది. అందుకే శ్రీనగర్‌లో ఒకటి రెండు రాత్రులు, నారానాగ్‌లో ఒక రాత్రి, ఎక్కే దారిలో మరొక రాత్రి ఆగే విధంగా రోజులు లెక్కవేసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యుల సూచన. రెండు రోజులలో ముగించవచ్చని ఎవరైనా ఆశపెడితే, మరో రెండు రోజుల సెలవు దొరికాకే బయలుదేరండి.

మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టేది తలనొప్పి కాదు, తలనొప్పిని దాచడం. తన వల్ల స్నేహితుల ప్రయాణం పాడవుతుందని, పిరికివాడంటారని కుర్రవాడు నోరు విప్పడు. అలా దాచిన బాధ రాత్రికి ముదురుతుంది. తూలుతూ నడవడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు, వెంటనే క్రిందికి దించాలి. శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాని సంగతి తోటివారికి చెప్పకపోవడం ధైర్యమని మేము అంగీకరించం.

ఇక్కడే అమీర్ అవసరం తెలుస్తుంది. ముగ్గురు ప్రయాణమైనా ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మన యువకులు అమీర్ అనగానే అందరికంటే ముందు నడిచేవాడనుకుంటారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) ప్రయాణాలలో వెనుక ఉండి, బలహీనులను ముందుకు నడిపించి, వాహనం లేనివారిని తమ వెనుక ఎక్కించుకొని, వారికోసం దుఆ చేసేవారు. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు ఇమామత్ అప్పగించినప్పుడు కూడా, జనంలో అత్యంత బలహీనుని స్థితిని గమనించి నమాజు చేయించమన్నారు. కొండదారికి ఇంతకంటే మంచి నియమం మాకు తెలియదు. దారి తెలిసిన స్థానిక గైడు ముందు నడవనివ్వండి, అమీర్ చివర నడవాలి. ప్రతి సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఆరోగ్యం అడగాలి. వెనుదిరగాలని ఆయన నిర్ణయిస్తే, సరస్సు ఒక గంట దూరంలోనే ఉన్నా చర్చ ఉండకూడదు. ఈ షరతుకు ఇంటి దగ్గరే అందరూ ఒప్పుకోవాలి, కొండమీద కాదు.

ఆరాధనల విషయం క్లుప్తంగా చెబుతాము. అక్కడ మీరు ముసాఫిర్లు గనుక నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు, శ్రీనగర్ మస్జిదులో స్థానిక ఇమాం వెనుక మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. వుజూతో తొడిగిన తోలు మేజోళ్ళపై ముసాఫిర్ మూడు పగళ్ళు, మూడు రాత్రులు మసహ్ చేయవచ్చు, మామూలు నూలు మేజోళ్ళపై కాదు. నీరు చల్లగా ఉందన్న బద్ధకంతో తయమ్ముమ్ చేయరాదు, పొయ్యి ఉన్నప్పుడు వేడి చేసుకోవాలి. వేడిచేసే వీలు లేక, జబ్బు చేస్తుందన్న నిజమైన భయం ఉంటే అనుమతి ఉంది. ఖిబ్లా విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోండి. మన ఆంధ్ర ప్రాంతంలో అది పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, కాశ్మీరులో పడమరకు కాస్త దక్షిణంగా ఉంటుంది. సిగ్నల్ అందని చోట చిన్న దిక్సూచి పనికివస్తుంది.

నిలిచిన నీటిలో, దారులలో, జనం విశ్రమించే నీడలో మలమూత్ర విసర్జనను దైవప్రవక్త (స) వారించారు. గంగాబల్ నీరు నుంద్‌కోల్ మీదుగా దిగి సింధ్ అనే కాశ్మీరు నదిలో కలుస్తుంది, దిగువ పల్లెలు ఆ నీటిపైనే ఆధారపడతాయి. కనుక నీటికి కనీసం 60 మీటర్ల దూరం పాటించండి. తీసుకెళ్ళిన బిస్కెట్ పొట్లాల కాగితాలు తిరిగి సంచిలోకే చేరాలి. ఫొటో కోసం మంచునీటిలో దూకవద్దు, ఆ చలికి ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోతుంది. మంచు కరిగిన వాగులు మధ్యాహ్నానికి ఉబ్బుతాయి గనుక ఫజ్ర్ తరువాతే నడక మొదలుపెట్టి వాటిని ఉదయమే దాటాలి.

ఇంటివద్ద చేయవలసినవి మరికొన్ని. తల్లిదండ్రుల అనుమతి మనస్ఫూర్తిగా పొందాలి. స్త్రీలు మహ్రమ్‌తో, కుటుంబ సమేతంగా వెళ్ళాలి. ఉబ్బసం, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. అప్పులు, అమానతులు వ్రాసిపెట్టాలి. మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీరులో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ కావాలి. నారానాగ్ దాటాక అదీ అందదని తల్లికి ముందే చెప్పండి. ఏ రోజు ఏ చోట ఆగుతారో, గైడు పేరు, నంబరు, దిగివచ్చే తేదీ ఒక కాగితంపై వ్రాసి ఆమె చేతికివ్వండి. ఆ తేదీ దాటి ఒక పూట గడిచినా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.