వేళ్లకూ ఒక బొమ్మ

మా వార్డు గోడల మీద గుండె, కన్ను, జీర్ణకోశం పటాలు వరుసగా ఉన్నాయి. అవన్నీ చూపు ఉన్నవారి కోసమే అని మాకు ఎన్నడూ తోచలేదు.

ఒకసారి అపెండిక్స్ ఆపరేషన్ కోసం చూపులేని అమ్మాయి చేరింది. పదవ తరగతి చదువుతోంది. "నా కడుపులో ఏం తీసేస్తారు సిస్టర్?" అని అడిగింది. మేము పటం దగ్గరకు వాళ్లమ్మను పిలిచి వివరంగా చూపించాము. అమ్మాయితో మాత్రం "భయపడకమ్మా" అన్నాము. రోగి కూతురు, పటం చూసింది తల్లి. ఆ పొరపాటు మాదే.

మర్నాడు ఉదయం మాలో ఒక నర్సు అట్ట మీద పురికొసతో పెద్దపేగును, దాని మొదట్లో దీపం వత్తితో అపెండిక్స్‌ను అంటించి తెచ్చింది. అమ్మాయి రెండు చేతులతో నెమ్మదిగా తడిమింది. తరువాత తన పొట్టకు కుడివైపు కింద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడేనా? ఇంత చిన్నదా!" అంది. ఆమె ముఖంలో భయం తగ్గింది.

నోటితో చెబితే చాలదా అని కొందరు అడుగుతారు. అదేమిటో మాట చెబుతుంది. ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నది వేలికే బాగా తెలుస్తుంది.

అయితే పటంలోని గీతలన్నీ ఉబ్బెత్తుగా చేస్తే సరిపోదు. కన్ను బొమ్మనంతా ఒక్కసారే చూస్తుంది. వేలు కొంచెం కొంచెంగా తెలుసుకుంటుంది. రెండు చుక్కలు వేలికొనకు విడివిడిగా తెలియాలంటే మధ్యలో సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం కావాలి. అందుకే బొమ్మ పెద్దదిగా, గీతలు తక్కువగా ఉండాలి. రంగులకు బదులు గరుకు, నునుపు వాడాలి. మధుమేహం వల్ల చూపు పోయినవారిలో కొందరికి వేళ్ల స్పర్శ కూడా తగ్గుతుంది. వారికి ఇంకా పెద్ద బొమ్మ, పక్కన కూర్చుని చెప్పే మనిషి అవసరం. ఎవరి చెయ్యీ గుంజి బొమ్మ మీద పెట్టకూడదు.

వేడి తగిలితే నల్ల గీతలు ఉబ్బే కాగితం ఉంది. ఢిల్లీ ఐఐటీలో పాఠ్యపుస్తకాల బొమ్మలను తడిమి చదివేలా రూపొందించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం తెలిపే పద్ధతుల్లో బ్రెయిలీతో పాటు స్పర్శనూ చేర్చింది. కనుక ఇది దయతో చేసే పని కాదు, వారికి రావలసినదే.

మీ ఇంట్లో చూపులేని బిడ్డ ఉంటే అట్ట, దారం, జిగురుతో ఈ వారమే ఒక బొమ్మ చేయండి. ఆస్పత్రికి వచ్చినప్పుడు, "మా బిడ్డ చేతికి తెలిసేలా చూపండి" అని మమ్మల్ని అడగండి. అడిగించుకోకుండానే చూపడం మేమూ నేర్చుకుంటాము.