ఫ్రీ యాంటీవైరస్ కోసం వెతుకుతున్నారా? ఇంట్లో పాత కంప్యూటర్‌కు అసలు ముప్పు వేరే ఉంది!

కొవ్వూరు: ఇంట్లో కంప్యూటర్ స్లో అయిపోయింది. ఆన్ చేస్తే చాలు, విండోస్ 10కి సపోర్ట్ ముగిసిందంటూ మెసేజ్ వస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఫ్రీ యాంటీవైరస్ అని గూగుల్‌లో కొట్టి, పైన కనిపించిన లింక్ నొక్కేయడం. ఫ్రీనే కదా, వేసి చూస్తే పోయేదేముంది అనుకుంటారు. కానీ ఇప్పుడు ఆ కంప్యూటర్‌కు యాంటీవైరస్ కన్నా ముందు కావాల్సింది వేరే ఉంది.

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. కొవ్వూరు లాంటి ఊళ్లలో ఈ సమస్య ఎక్కువే. కరోనా టైమ్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయో అమ్మాయో కొత్తది కొనుక్కుని ఇంట్లో వదిలేసిన ల్యాప్‌టాప్‌లు, వంతెన దాటి రాజమండ్రిలో అసెంబుల్ చేయించుకొచ్చినవి.. ఇలాంటి పాతవాటిలో చాలా వాటికి విండోస్ 11 ఎక్కదు. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్, దానితోపాటు టీపీఎం 2.0 ఉండాలన్నది కంపెనీ రూల్. ఆ 8వ తరం వచ్చిందే 2017లో. అంతకుముందువి ఎంత బాగా పనిచేస్తున్నా లెక్కలోకి రావు.

మరి యాంటీవైరస్ వేస్తే సరిపోదా? ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. యాంటీవైరస్ పని లోపలికి వచ్చిన ఫైల్‌ను గుర్తుపట్టి ఆపడం. విండోస్‌లోనే ఉన్న లోపాన్ని అది పూడ్చలేదు, ఆ పని అప్‌డేట్‌ది. గొళ్లెం ఊడిన తలుపు ముందు కాపలా మనిషిని కూర్చోబెడితే కొంత నయమే, కానీ గొళ్లెం గొళ్లెమే.

దీనికి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2017 మేలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లు లాక్ చేసి బిట్‌కాయిన్లలో డబ్బు అడిగే రకం అది. ఆ వైరస్ దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, అంటే మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చేసింది. అది వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి.

కాబట్టి విండోస్ 10 ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీ. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు అదనంగా ఒక ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే స్కీమ్‌ను కంపెనీ పెట్టింది. దానికి ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 10లో ఆఖరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. ఎన్‌రోల్ అనే ఆప్షన్ అదే పేజీలో కనిపిస్తుంది. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. కంపెనీ కూడా కొత్త కంప్యూటర్ కొనండని చెప్పినంత గట్టిగా ఈ మాట చెప్పడం లేదనుకోండి!

ఇక యాంటీవైరస్ సంగతి. విండోస్ 10, 11 రెండింటిలోనూ డిఫెండర్ ముందే ఉంటుంది. ఒకప్పుడు దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ పరీక్షల్లో అది డబ్బులిచ్చి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది. విండోస్ 10లో కూడా డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మామూలు ఇంటి వాడకానికి ఇది చాలు. బయటి యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. కొందరు బయటివే రెండు మూడు వేస్తుంటారు. పాత సిస్టమ్ స్లో అవడానికి అదీ ఒక కారణం.

ఫ్రీ అన్నదానికి కూడా ఒక్కోసారి రేటు ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల మంది వాడిన అవాస్ట్ కథే చూడండి. యూజర్లు ఏ సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టాలని చెప్పింది. మీ మీద ఎవరూ నిఘా పెట్టకుండా చూస్తామని చెప్పుకున్న కంపెనీ అది! జంప్‌షాట్‌ను 2020లోనే మూసేశారు.

అంతకన్నా ప్రమాదం నకిలీలది. బ్రౌజ్ చేస్తుండగా స్క్రీన్ అంతా ఎర్రగా మారి, వైరస్ దొరికింది, ఈ నంబర్‌కు కాల్ చేయండి అని వస్తే అది పక్కా మోసం. అసలు యాంటీవైరస్ ఏదీ అలా హెచ్చరికలో ఫోన్ నంబర్ ఇచ్చి పిలిపించుకోదు. టెక్ సపోర్ట్ పేరుతో ఇలా దోచుకునే కాల్ సెంటర్లపై మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులతో సీబీఐ 2023 అక్టోబర్‌లో ఆపరేషన్ చక్ర-2 పేరిట దేశంలో పలుచోట్ల సోదాలు చేసింది. అలాంటి నంబర్‌కు కాల్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసేసుకుంటే వెంటనే ఇంటర్నెట్ తీసేయాలి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టాలి.

వైరస్ ఉందన్న అనుమానం నిజంగానే ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్ ఉంది. 2017 ఫిబ్రవరిలో మొదలైంది. క్విక్ హీల్, కే7 లాంటి మన దేశ కంపెనీల క్లీనింగ్ టూల్స్ అందులో ఉచితం. పెన్‌డ్రైవ్‌ల మీద కన్నేసి ఉంచే యూఎస్‌బీ ప్రతిరోధ్ టూల్‌ను తయారు చేసింది మన హైదరాబాద్ సీ-డాక్. మన ఊళ్లకు బాగా పనికొచ్చేది అదే. అప్లికేషన్, హాల్ టికెట్ ప్రింట్ తీయించడానికి జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తాం. ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. ఈ అనుభవం లేని ఇల్లు తక్కువే. ఫైల్‌ను మెయిల్‌లో పంపి ప్రింట్ తీయించుకుంటే ఆ గొడవే ఉండదు.

ఒకటి మాత్రం ఏ యాంటీవైరస్ వల్లా కాదు. దొంగ విండోస్, క్రాక్ చేసిన ఆఫీస్, గేమ్స్ వేసేటప్పుడు ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయమని అడుగుతాయి. మనమే ఆఫ్ చేస్తాం. వచ్చేది అప్పుడే వచ్చేస్తుంది. సిస్టమ్ రిపేర్‌కు ఇచ్చి తెచ్చుకున్నాక విండోస్ సెక్యూరిటీ తెరిచి, డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

అదనపు అప్‌డేట్ల గడువు కూడా ముగిశాక విండోస్ 11 ఎక్కని సిస్టమ్‌ను పారేయక్కర్లేదు. లినక్స్ మింట్ లాంటివి ఫ్రీగా వేసుకోవచ్చు, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది. అదీ కుదరకపోతే ఆ కంప్యూటర్‌ను పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి, ఫొటోలు దాచుకోవడానికి ఉంచి, బ్యాంకు లాగిన్‌లు మాత్రం అందులో పెట్టకపోతే మంచిది. ఫొటోలకు ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో వేసి, డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టాలి. కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే లాక్ చేసే వైరస్ దాన్నీ వదలదు.