రాజధానిలో ఉన్నందుకు ఓటు విలువ తగ్గాలా?

2000 ఆగస్టులో హుస్సేన్ సాగర్ మిగులు నీళ్ళతో నాలా పొంగింది. లోయర్ ట్యాంక్ బండ్‌లోని మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. బస్తీ ఆడవాళ్ళం పదిమందిమి కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "మా చేతిలో లేదమ్మా, పైవాళ్ళనడగండి."

మేం ఓటేసి గెలిపించిన కార్పొరేటరుంటే ఇంటికెళ్ళి నిలదీసేవాళ్ళం. ఆనాడు హైదరాబాద్‌లో కార్పొరేటరన్న మనిషే లేడు. 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు 1991లో తీరిపోయింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలనే. గడువు తీరేలోపే ఎన్నికలు జరపాలని, మూడోవంతు స్థానాలు స్త్రీలకివ్వాలని చెప్పే 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది. అది రాష్ట్ర రాజధానికి చేరడానికి ఎనిమిదేళ్ళు దాటింది!

అందుకే 2013లో, రాష్ట్ర విభజన వేళ, "హైదరాబాద్ అందరిదీ, కేంద్రపాలిత ప్రాంతం చెయ్యాలి" అని కొందరు వాదించినప్పుడు నాకు ఆ బురదనీళ్ళే గుర్తొచ్చాయి. అందరిదీ అంటే, అక్కడ బతికేవాళ్ళకు ఎవరూ జవాబు చెప్పనక్కర లేదనా?

ఢిల్లీని చూడండి. 1956లో అక్కడి శాసనసభ రద్దయింది. మళ్ళీ శాసనసభ వచ్చింది 1993లో. ఈనాటికీ పోలీసులు, శాంతిభద్రతలు, భూమి కేంద్రం చేతిలోనే ఉన్నాయి. 2012 డిసెంబరులో బస్సులో జరిగిన సామూహిక అత్యాచారంపై స్త్రీలు వీధుల్లోకొచ్చి నిలదీస్తే, పోలీసులు మా కింద లేరంది వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వం. పోలీసులను నడిపే కేంద్రాన్ని నిలదీద్దామంటే, లోక్‌సభలోని 543 స్థానాల్లో ఢిల్లీవి ఏడే.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్ వాసులు అందరిలాగే పన్నులు కడతారు. సెనేట్‌లో వాళ్ళకు ఒక్క సభ్యుడూ లేడు. ప్రతినిధుల సభలో ఉన్న ఒక్క ప్రతినిధికీ బిల్లులపై తుది ఓటు లేదు.

మనకూ ఆ రుచి కొంత చూపించారు. 2014 విభజన చట్టంలోని 8వ సెక్షన్ ఉమ్మడి రాజధానిలో ప్రజల ప్రాణాలకు, ఆస్తులకు భద్రత విషయంలో గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అప్పగించింది. గవర్నరును ఎన్నుకున్నది మనం కాదు. ఆ పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అలాంటి ఆలోచన మళ్ళీ తలెత్తదని పూచీ ఏముంది?

"బయటినుంచి వచ్చినవాళ్ళకు రక్షణ వద్దా?" అనడుగుతారు. కావాలి. మా నాలా పక్కన పాలమూరు నుంచి వచ్చిన కూలితల్లీ ఉంది, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసుకునే చెల్లీ ఉంది. వరద ఇద్దరి గుడిసెల్లోకీ వస్తుంది. రక్షణ పేరుతో నగరవాసుల ఓటును బలహీనపరిస్తే నష్టపోయేది ముందు వాళ్ళే. డబ్బున్నవాళ్ళు ఓటు లేకపోయినా ఒక్క ఫోనుతో పని చేయించుకోగలరు. మాకున్నది ఆ ఓటొక్కటే.

2016లోనూ, 2020లోనూ జీహెచ్ఎంసీ ఎన్నికల్లో సగం వార్డులు స్త్రీలకు కేటాయించారు. ఎన్నికలు వాయిదా వేసినా, అధికారాన్ని ఎన్నిక కానివారి చేతికిచ్చినా, పోరాడి తెచ్చుకున్న ఆ సగం కూడా పోతుంది. కుళాయి నీళ్ళు, మురుగు, వీధిదీపం, పోలీసు స్టేషను: మన రోజువారీ బతుకంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. వీటిపై అడిగే హక్కు లేనప్పుడు రాజధాని హోదా మనకెందుకు?

పక్క జిల్లా స్త్రీ ఓటుకు ఎంత విలువో రాజధాని స్త్రీ ఓటుకూ అంతే విలువ ఉండాలి. దీనికోసం మన సంఘాలన్నీ ఒక్క గొంతుతో అడగాలి.