పేర్లు మనవి గోడ మీద, తప్పులు వాళ్లవి బీరువాలో



పీఎం జన్‌మన్ కింద చెంచు, కొండరెడ్డి, కొలాం గూడేలకు ఇళ్లు మంజూరవుతున్నాయి. మరుగుదొడ్డి, ఉపాధి కూలి కలిపి ఇంటికి 2.39 లక్షలు. ఎవరికి ఇల్లొచ్చిందో ఆన్‌లైన్‌లో పెడతారు, గోడకూ అంటిస్తారు. మన పేదరికానికి దాపరికం లేదు. మరి స్లాబు కారితే, సిమెంటు నాసిరకం అయితే, కట్టినోడి మీద వచ్చిన ఫిర్యాదులేవి? తనిఖీలో ఏం తేలింది? ఆ కాగితాలకు మాత్రం తాళం.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నిబంధనల ప్రకారం ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి, లేదా తన కళ్లముందు కట్టించుకోవాలి. ప్రభుత్వం కాంట్రాక్టర్‌ని పెట్టకూడదు. "మీకు చేతకాదు, మా మనిషి కడతాడు" అని ఆఫీసోళ్లు అన్నారంటే మొదటి ఉల్లంఘన అక్కడే జరిగింది. ఫైలు తెరిస్తే ఆ మనిషిని తెచ్చిందెవరో కూడా తేలుతుంది.

ఇప్పుడు వాళ్లకు కొత్త సాకు దొరికింది: "వ్యక్తిగత సమాచారం". 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట అక్కడ లేకుండా పోయింది. కానీ 8(2) అలాగే ఉంది. దాచడం వల్ల కాపాడే దానికన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అది చెబుతోంది. సర్కారు డబ్బుతో కట్టిన ఇల్లు మన పిల్లల నెత్తిన కూలకుండా చూడటం కంటే పెద్ద ప్రజా ప్రయోజనం ఏముంది? దరఖాస్తులో 8(2) పేరు రాసి మరీ అడగండి.

ఇంకా ఏం అడగాలి? ఫిర్యాదుల రిజిస్టరు, తనిఖీ నివేదికలు, ఎం-బుక్, చెల్లింపుల వివరాలు. 2(జె) కింద పనిని కళ్లారా చూడొచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. గడువు 30 రోజులు. దారిద్య్రరేఖకు దిగువన ఉంటే ఫీజు లేదు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా.

అయినా ఒక్కొక్కరం దరఖాస్తులు పట్టుకుని తిరగడమేంటి? సెక్షన్ 4 ప్రకారం అడగకుండానే బయటపెట్టాల్సిన బాధ్యత ఆఫీసులదే. గ్రామసభలో తీర్మానం చేద్దాం: లబ్ధిదారుల పేర్లు అంటించిన గోడ మీదే ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్యలు కూడా రాయాలి.

గోడ మనది. రాయించేదాకా వదలొద్దు.