మాటలో అర్థం కనబడాలి

క్రియకు ‘ఎర్’ చేరిస్తే ఆ పని చేసేవాడు వస్తాడని ఇంగ్లీషు వ్యాకరణంలో చదువుకున్నారు. టీచ్ చేసేవాడు టీచర్. మరి కుక్ చేసేవాడు కుక్కర్ కావాలి గదా? కాడు. వాడు ఉత్త కుక్కే. కుక్కర్ పొయ్యిమీది పాత్ర! ఒకే ప్రత్యయం ఒకచోట మనిషిని, ఇంకొకచోట పనిముట్టును చెబుతున్నది. కంప్యూటర్ అన్నా ఒకప్పుడు లెక్కలు కట్టే మనిషే సుమా.

ఉత్తర నైజీరియాలో, నైజర్ దేశంలో కోట్లమంది మాట్లాడే హౌసా భాష ఈ పనికి మాట మొదట ‘మ’ చేరుస్తుంది. ‘నోమా’ అంటే సేద్యం; ‘మనోమి’ రైతు. ‘బూడే’ అంటే తెరచుట, ‘మబూడి’ తాళంచెవి. ‘కరంతా’ అంటే చదువుట. ‘మకరంతా’ చదివే చోటు, అనగా బడి. రైతుకూ తాళంచెవికీ చివర ‘ఇ’యే వచ్చిందే అని మీరడగవచ్చు. తేడా స్వరంలో ఉంది. పనిముట్టు మాటలో అక్షరాలన్నీ ఎత్తు స్వరంలో పలుకుతారు. మనిషిని చెప్పే మాటలో నడుమ స్వరం దిగుతుంది. మామూలు రాతలో ఇది కనబడదు, చెవికి తెలుస్తుంది.

హౌసా పిల్లవానికి బడి పేరులోనే చదువు వినబడుతుంది. ఇంగ్లీషు పిల్లవానికి ‘స్కూల్’లో ఏమీ వినబడదు. అది గ్రీకునుంచి వచ్చిన మాట, మూలార్థం తీరిక!

ఇటువంటి భాషల్లో సైన్సుకు మాటలు పుట్టవని కొందరంటారు. నేనొప్పుకోను. హౌసాలో ‘జిర్గి’ అంటే పడవ. నేలమీది పడవ ‘జిర్గిన్ కసా’, రైలు. ఆకాశపు పడవ ‘జిర్గిన్ సమా’, విమానం. కంప్యూటరును ‘మెదడున్న యంత్రం’ అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. ఇందులో లోటేమున్నది?

మన తరగతుల్లో ‘కిరణజన్య సంయోగక్రియ’ను చాలామంది మంత్రంలా వల్లిస్తారు. కిరణాలవల్ల పుట్టే కలయిక అని ముందుగా విడదీసి చూపితే సగం పాఠం అక్కడే అయిపోతుంది. నిర్వచనం తరువాత చెప్పవచ్చు. ‘ఫొటోసింథసిస్’నూ అలాగే విప్పాలి: గ్రీకులో వెలుగు, కూర్పు.

అరువు మాటలు వద్దని కాదు నా వాదం. హౌసావారు ఇంగ్లీషు మోటారును తెచ్చుకొని ‘మోటా’ చేశారు. బహువచనం మాత్రం తమ పద్ధతిలో ‘మోటోచి’. మనం బస్సును ‘బస్సులు’ చేసుకోలేదూ?