కాపలా చదువుకు కాపలా ఏది?

సైబర్ నేరగాళ్లు 2024లో దేశ ప్రజల నుంచి కాజేసిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు నివేదించింది. అంతకుముందు ఏడాది ఆ మొత్తం 7,465 కోట్లు. పన్నెండు నెలల్లో మూడు రెట్లు! అదే ఏడాది కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దృష్టికి వచ్చిన సైబర్ భద్రతా ఘటనలు 20 లక్షలు దాటాయి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు కంప్యూటర్ల మీదే నడుస్తున్న దేశానికి వాటిని కాచే నిపుణులు వేల సంఖ్యలో కావాలి. ఈ అవసరాన్ని ప్రభుత్వాల కంటే ముందే పసిగట్టింది డిగ్రీల విపణి. ఇంట్లో కూర్చునే సైబర్ సెక్యూరిటీ డిగ్రీ పొందవచ్చన్న ప్రకటనలు యువత ఫోన్లలో పొద్దస్తమానం మెరుస్తున్నాయి. దేశం పడుతున్న భయమే వాటికి పెట్టుబడి.

ఆ ప్రకటన చూసి ఫోన్ నంబరు ఇచ్చినవారికి తరువాత ఎదురయ్యే అనుభవం తల్లిదండ్రులెందరికో తెలిసిందే. కౌన్సెలర్ పేరుతో ఫోన్ వస్తుంది. ఇవాళే ఆఖరు తేదీ అంటారు. మీ కోసమే స్కాలర్‌షిప్ ఆపి ఉంచామంటారు. ముందు సీటు ఖరారు చేసుకోండి, మిగతాది ఈఎంఐలో చూసుకుందామంటారు. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడం, పేరున్న సంస్థను అడ్డం పెట్టుకోవడం, ముందుగా కొంత కట్టించుకోవడం... మోసగాళ్ల ఫోన్‌ను పసిగట్టేందుకు పోలీసులు చెప్పే ఆనవాళ్లు సరిగ్గా ఇవే. ప్రజలను ఏ ఎత్తుగడల నుంచి కాపాడాలో నేర్పాల్సిన చదువును అవే ఎత్తుగడలతో అమ్ముకోవడం విద్యారంగానికే తలవంపు. ఎడ్‌టెక్ కంపెనీల విషయంలో జాగ్రత్త వహించాలని, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే ఏర్పాట్లకు తొందరపడి ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. హెచ్చరికలు ప్రజలకు, రాబడి కంపెనీలకు అన్నట్టుగా ఆ తరువాతా కథ నడుస్తూనే ఉంది.

ఆన్‌లైన్ చదువును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. డిగ్రీ మధ్యలో మానేసి ఉద్యోగంలో చేరినవారికి, పిల్లల పెంపకంతో ఇల్లు కదలలేని తల్లులకు, నగరంలో హాస్టల్ ఖర్చు భరించలేని పల్లె కుటుంబాలకు అది నిజంగానే ఒక వరం. మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీయే ఇందుకు సాక్ష్యం. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. కానీ అర్హతా దశ దాటకుండా లోపలికి రానివ్వరు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి పర్యవేక్షకుల కళ్లెదుట రాయాలి. సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ... ఎవరు ఎంతవరకు చదవగలిగితే అంతవరకు గుర్తింపుతో బయటపడే వీలుంది. తలుపులు అందరికీ తెరిచి, మెట్లు మాత్రం తగ్గించని పద్ధతి అది. ఇంటర్నెట్‌లో చెప్పే చదువు నాసిగా ఉండి తీరాలన్న నియమం ఏదీ లేదని అది రుజువు చేసింది. కాబట్టి నాసిరకపు కోర్సులు నడుపుతున్నవారికి మాధ్యమం మీద నెపం నెట్టే అవకాశం లేదు.

నిబంధనలకూ కొరత లేదు. యూజీసీ 2020లో తెచ్చిన నియమావళి ప్రకారం ఆన్‌లైన్ కోర్సులో వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చా వేదిక, స్వీయ మూల్యాంకనం నాలుగూ ఉండాలి. ఇంజినీరింగ్‌ను ఆన్‌లైన్‌లో బోధించడం నిషిద్ధం. అంటే సైబర్ సెక్యూరిటీలో ఆన్‌లైన్ బీటెక్ అనేది చట్టం దృష్టిలో లేనే లేదు. దొరికేవి బీసీఏ, బీఎస్సీ వంటి డిగ్రీలు. వాటి పక్కన ‘సైబర్ సెక్యూరిటీ స్పెషలైజేషన్’ అన్న తోక ఉంటుంది. ప్రకటనలో తోకే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఆ పేరు మీద ఉన్న పేపర్లు ఎన్ని, వాటిని బోధించేవారు ఎవరు, ల్యాబ్ గంటలు ఎన్ని అన్న ప్రశ్నలకు జవాబు ఫీజు కట్టాక గానీ తెలియదు. గుర్తింపు పొందిన సంస్థల ఆన్‌లైన్ డిగ్రీలు కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీలతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టం చేసింది. హోదాలో సమానత్వం ఇచ్చినప్పుడు బాధ్యతలోనూ సమానత్వం అడగాలి. ఆ రెండో సగాన్ని నియంత్రణ సంస్థ గాలికి వదిలేసింది.

విశ్వవిద్యాలయాలు తమ ఆన్‌లైన్, దూరవిద్యా కోర్సులను ఎడ్‌టెక్ కంపెనీలకు ఫ్రాంచైజీ పద్ధతిలో అప్పగించడం కుదరదని 2022 జనవరిలో యూజీసీ బహిరంగ ప్రకటన చేసింది. సాంకేతిక సాయం తీసుకోవచ్చు, చదువును మాత్రం అప్పగించకూడదన్నది దాని సారం. ఈ గీతను చెరిపేయడానికి ఎంతో తెలివి అక్కర్లేదు. ప్రచారం కంపెనీది, ప్రవేశాల వేట కంపెనీది, పోర్టల్ కంపెనీది, విద్యార్థి ఫిర్యాదు చేస్తే పలికే గొంతూ కంపెనీదే. మార్కుల పత్రం మీది ముద్ర ఒక్కటే విశ్వవిద్యాలయానిది. దానికి ఫ్రాంచైజీ అని కాకుండా మరో పేరు పెట్టుకుంటే నిబంధన తృప్తిపడుతోంది. డిగ్రీ ఇచ్చే అధికారాన్ని చట్టసభలు, ప్రభుత్వాలు ప్రజల తరఫున విశ్వవిద్యాలయాలకు అప్పగించాయి. దాన్ని అద్దెకిచ్చుకునే హక్కు ఏ పాలకమండలికీ లేదు.

ఇంతకీ ఆన్‌లైన్ కోర్సులు నడిపే అర్హతను తేల్చేది ప్రధానంగా విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే స్కోరు, జాతీయ ర్యాంకింగ్ అయిన ఎన్ఐఆర్ఎఫ్‌లో ర్యాంకు. ఆ న్యాక్ గ్రేడు సంగతేమిటి? గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. వారిలో తనిఖీకి వచ్చిన బృందం చైర్మన్, సభ్యులు ఉన్నారు. సంస్థ ఉపకులపతీ ఉన్నారు. సోదాల్లో నగదు, ల్యాప్‌టాప్‌లు దొరికినట్టు దర్యాప్తు సంస్థ ప్రకటించింది. ఆరోపణల నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే. అయితే కంచే చేను మేసిందన్న అనుమానం ఒక్కసారి మొలిచాక, ఆ గ్రేడును నమ్మి లక్షల మంది ఫీజులు కట్టే వ్యవస్థను ఏమాత్రం మార్చకుండా కొనసాగించడం క్షమార్హం కాదు.

సైబర్ భద్రత విషయంలో ఈ నిర్లక్ష్యం మరింత ప్రమాదకరం. ఎందుకంటే ఇది చేతితో నేర్చుకోవాల్సిన పని. నెట్‌వర్క్‌లో పారే సమాచారాన్ని పట్టి చూడటం, లక్షల లాగ్‌లలో తేడాగా ఉన్న ఒక్కదాన్ని గుర్తించడం, దాడి జరిగిన యంత్రాన్ని సాక్ష్యం చెదరకుండా వేరుచేయడం వీడియో చూస్తే అబ్బే విద్యలు కావు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేష్ సహకార బ్యాంకు నుంచి సుమారు 12 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. అంతటి దోపిడీకి ఉద్యోగులకు వచ్చిన మోసపూరిత ఈమెయిళ్లే దారి చూపాయి. భద్రతా లోపాలకు గాను రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించి, దేశంలోని పెద్దాసుపత్రుల్లో ఒకటైన ఆ సంస్థ రోజుల తరబడి కాగితాలతో నెట్టుకొచ్చింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే చొరబాటుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్ విభజన ఈ చదువులో ఓనమాల వంటి పాఠం. దాన్ని నిర్వచనంగా బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినవారికీ, నాలుగుసార్లు తప్పుచేసి అయిదోసారి సరిగ్గా అమర్చినవారికీ ఉన్న తేడా ఎంతో ఎయిమ్స్ గుమ్మంలో బారులు తీరిన రోగులు అనుభవించారు.

ల్యాబ్ అనగానే ఆన్‌లైన్‌లో సాధ్యమా అని కొందరు పెదవి విరుస్తారు. నిజానికి ల్యాబ్ సాధన ఇంటి నుంచే సాధ్యమయ్యే అరుదైన శాస్త్రాల్లో ఇదొకటి. క్లౌడ్‌లో ఒక్కో విద్యార్థికి విడివిడిగా వర్చువల్ యంత్రాలు కేటాయించవచ్చు. కృత్రిమ దాడులు సృష్టించి ఎదుర్కోమనవచ్చు. ఎవరు ఏ ఆదేశం ఎప్పుడు ఇచ్చారో నమోదు చేయవచ్చు. అడ్డంకి అల్లా ఖర్చే. సర్వర్లకు డబ్బు కావాలి, తప్పులు దిద్దే అధ్యాపకులకు జీతాలు కావాలి. రికార్డు చేసిన పాఠాన్ని వెయ్యి మందికి చూపినా లక్ష మందికి చూపినా వ్యయం పెద్దగా పెరగదు. సాధనకు మాత్రం తలకింత చొప్పున పెరుగుతుంది. లాభం చూసుకునేవారు ఏది తగ్గిస్తారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఉదాసీనత మూల్యం చివరికి ఎవరు చెల్లిస్తారో చరిత్ర చెబుతోంది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలు నిలిచిపోయాయి, సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ పెట్టే పరీక్ష గట్టెక్కితేనే వాటికి మళ్లీ ప్రాణం. ఆ తరువాత చేరినవారివి ఏకంగా రద్దయ్యాయి. అనుమతుల తతంగంలో అధికారుల పాత్రపై సీబీఐ విచారణకూ న్యాయస్థానం ఆదేశించింది. ఏళ్ల తరబడి ఉద్యోగం చేశాక పట్టా చెల్లదని తెలుసుకున్నవారి బతుకులకు ఏ విచారణ పరిహారం కాగలదు? ముందే ఆపాల్సినవారు నిద్రపోతే, తరువాత ఇచ్చే న్యాయం కూడా బాధితుడినే శిక్షిస్తుంది.

అమెరికా అనుభవమూ మనకు దూరపుది కాదు. అక్కడ విశ్వవిద్యాలయాలు విద్యార్థుల ఫీజులో వాటాను కంపెనీలతో పంచుకునేందుకు 2011లో ప్రభుత్వ మార్గదర్శకాలు దారి తెరిచాయి. ఆ వ్యాపారంలో అగ్రగామిగా వెలిగిన 2యూ కంపెనీ 2024 జులైలో దివాలా రక్షణ కోరింది. మైక్రోసాఫ్ట్, ట్విటర్ వంటి సంస్థలతో కలిసి ఉద్యోగాలు కల్పిస్తున్నట్టు భ్రమింపజేసే ప్రకటనలు ఇచ్చిందన్న అభియోగంపై యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ 2019లో 19.1 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 14.1 కోట్లు విద్యార్థుల బాకీల రద్దు రూపంలోనే. అక్కడి ట్రైవ్యాలీ యూనివర్సిటీ పేరు తెలుగువారికి మరీ బాగా గుర్తు. 2011లో ఆ సంస్థ వీసాల మోసం బండారం బయటపడినప్పుడు చిక్కుల్లో పడినవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కూడా తగిలించారు. ఆ నిర్వాకానికి దాని అధినేత్రికి 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. మన దగ్గరో? అధికారం లేకుండా డిగ్రీలిచ్చేవారికి 1956 నాటి యూజీసీ చట్టం 24వ సెక్షన్ నిర్దేశించిన జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు! ఒక విద్యార్థి కట్టే ఒక నెల ఈఎంఐకి కూడా చాలని మొత్తం అది. భయపెట్టలేని చట్టం పరోక్షంగా అనుమతిపత్రమే అవుతుంది.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ ల్యాబ్ గంటలు, ఆ సబ్జెక్టులో పూర్తికాల అధ్యాపకుల సంఖ్య, చేరినవారిలో పట్టా పొందినవారి శాతం, ఫీజులో కంపెనీకి వెళ్లే వాటా... ఈ నాలుగింటినీ ప్రవేశానికి ముందే బహిరంగపరచడం తప్పనిసరి చేయాలి. చివరి పరీక్షలు, ప్రాక్టికల్స్ పర్యవేక్షణ ఉన్న కేంద్రాల్లోనే జరగాలి. నూరు శాతం ఎంపిక గ్యారంటీ అంటూ కోచింగ్ కేంద్రాలు ఊదరగొట్టడాన్ని అడ్డుకునేందుకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. డిగ్రీల ప్రకటనలపైనా అంతే కాఠిన్యం చూపాలి. జరిమానాలు లాభాన్ని మింగేసే స్థాయిలో ఉండాలి. సైబర్ నేరాల ధాటికి అల్లాడుతున్న రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇది ఢిల్లీ వ్యవహారమని చేతులు దులుపుకోరాదు. ఉన్నత విద్యామండళ్లు తమ పరిధిలోని సంస్థల ఆన్‌లైన్ కోర్సులను స్వయంగా పరిశీలించి, ఫలితాలను ప్రజల ముందుంచాలి.

నాసిరకం పట్టా నష్టం ఒక్క కుటుంబంతో ఆగిపోదు. ఆ పట్టాతో ఉద్యోగంలో చేరినవారి చేతిలో మన పొదుపు ఖాతాలు, ఆరోగ్య వివరాలు, ఆధార్ సంఖ్యలు ఉంటాయి. నైపుణ్యం లేని కాపలాదారుడిని తయారుచేసి సమాజం మీదకు వదిలేవారు ఫీజు కట్టిన విద్యార్థినీ, ఆ విద్యార్థిని నమ్మి డబ్బు దాచుకునే సామాన్యుడినీ ఒకేసారి మోసగిస్తున్నారు. విశ్వవిద్యాలయాలు తమ ముద్రను అంగట్లో పెట్టాయి. నియంత్రణ సంస్థలు ప్రకటనలతో సరిపెట్టుకున్నాయి. ఈ రెండు నేరాల్లో రెండోదే పెద్దది. ఎందుకంటే మొదటిదాన్ని ఆపడానికే ఆ సంస్థలను నియమించుకున్నాం.

వ్యవస్థ మేల్కొనేలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. డబ్బు కట్టకముందే యూజీసీ దూరవిద్యా బ్యూరో (డీఈబీ) వెబ్‌సైట్‌లో ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో స్వయంగా చూసుకోండి. ఇలాంటి కోర్సుల విద్యార్థులకు ఇప్పుడు తప్పనిసరి చేసిన డీఈబీ ఐడీని మీ చేతులతోనే తీసుకోండి. ఒక్క వారం ల్యాబ్ చూపించమని అడగండి. చూపించలేని సంస్థకు మీ పిల్లల మూడేళ్లను అప్పగించకండి.